గుహలున్న దీవిలో జలపాతాలు ఎందుకు తక్కువ?

దీవికి టూర్ ప్లాన్ చేసుకునే వాళ్ల జాబితాలో మూడు మాటలు ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి: గుహలు, జలపాతాలు, ప్రకృతి వింతలు. ఫొటోల్లో అన్నీ ఒకే పచ్చదనం మధ్య కనిపిస్తాయి కాబట్టి ఏ దీవికి వెళ్లినా అన్నీ దొరుకుతాయనిపిస్తుంది. తీరా వెళ్లాక ఒక చోట ఎన్నో గుహలుంటాయి, జలపాతం ఒక్కటీ ఉండదు. ఇంకో చోట కొండ నిండా జలపాతాలే, గుహ అని చూపించేది మాత్రం అలలు తొలిచిన చిన్న బొరియ. మరో చోట ఫొటోలో ఉరకలేసిన జలపాతం దగ్గర మనకు తడి రాయి తప్ప ఏమీ కనిపించదు.

ఇదంతా అదృష్టం మీద వదిలేయాల్సిన సంగతి కాదు. ఒక దీవిలో ఏం చూడగలమో మూడు విషయాలు ముందే చెప్పేస్తాయి: అది ఏ రాయితో తయారైంది, ఆ రాయి వయసెంత, గాలి ఏ వైపు నుంచి వీస్తుంది. ఇవి తెలిశాక మ్యాప్ చూసే పద్ధతే మారిపోతుంది. బుకింగ్ చేసేముందు హోటల్ రివ్యూలు గంటల తరబడి చదువుతాం. ఈ మూడు ప్రశ్నలకు పది నిమిషాలు కేటాయిస్తే టూర్‌కి అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

నీరు పైన పారుతుందా, లోపల పారుతుందా?

పసిఫిక్ మహాసముద్రంలో నియూ అనే చిన్న దేశం ఉంది. దేశమంతా ఒకటే దీవి, విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. సముద్రంలో పెరిగిన పగడపు దిబ్బ పైకి లేచి గట్టినేల అయింది. అక్కడ వాన బాగానే కురుస్తుంది. కానీ ఒక్క నది లేదు, వాగు లేదు, అందుకే జలపాతమూ లేదు. పడ్డ నీరంతా నేలలోకి దిగిపోతుంది. అలా దిగుతూ దిగుతూనే తీరం పొడవునా గుహల్ని, లోతైన రాతి చీలికల్ని, వాటి అడుగున నీలి మడుగుల్ని తయారుచేసింది. ఇంకో లాభం కూడా ఉంది. బురద మోసుకొచ్చే ఏరు లేదు కాబట్టి చుట్టూ సముద్రం అద్దంలా ఉంటుంది.

దీని వెనక ఉన్నది తేలికైన రసాయనమే. పగడాలు, గవ్వలు, ఆల్చిప్పలు అన్నీ కాల్షియం కార్బొనేట్‌తో తయారైనవే. అవి లక్షల ఏళ్లు పేరుకుని గట్టిపడితే సున్నపురాయి అవుతుంది. వాన నీరు గాలిలోంచి కొంత కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది, నేలలో వేర్లు, కుళ్లుతున్న ఆకుల మధ్య నుంచి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. దాంతో అది చాలా బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సోడాలో ఉండేది కూడా ఈ ఆమ్లమే. మన నాలుకకు చురుక్కుమనేంత కూడా ఉండదు గానీ, సున్నపురాయిని కరిగించడానికి సరిపోతుంది. పగుళ్లలో దిగిన నీరు వాటిని వెడల్పు చేస్తుంది, వెడల్పైన పగులు ఇంకా ఎక్కువ నీటిని లాగుతుంది. కొంతకాలానికి దీవి మొత్తం జల్లెడలా తయారవుతుంది. జల్లెడ మీద ఏరు పారదు కదా.

అగ్నిపర్వతపు రాయి సంగతి వేరు. లావా గడ్డకట్టి ఏర్పడే బసాల్ట్ వాన నీటికి అలా కరిగిపోదు. చాలా కాలం ఎండా వానా తగిలాక పైపొర బంకమట్టిగా మారుతుంది, పగుళ్లు పూడుకుంటాయి, నీరు పైనే నిలిచి పారడం మొదలుపెడుతుంది. పారే నీటికి గట్టు ఎదురైతే అదే జలపాతం. అంటే గుహనీ జలపాతాన్నీ తయారుచేసేది ఒకే వాన. అది లోపలికి దిగితే గుహ, పైన పారితే జలపాతం. చాలా దీవుల్లో ఈ రెండింట్లో ఒకటే రాజ్యమేలడానికి కారణం ఇదే.

మినహాయింపులు లేకపోలేదు, వాటిలో ఒకటి చాలా అందమైనది. జమైకాలోని డన్స్ రివర్ జలపాతం సున్నం నీటితో వచ్చేది. ఊటల్లోంచి పైకి వచ్చిన ఆ నీరు మెట్లమీదుగా దూకి చిందేటప్పుడు అందులోని గ్యాస్ బయటికి పోయి, కరిగి ఉన్న సున్నం రాళ్ల మీద పేరుకుంటుంది. మామూలు జలపాతం తన కింది రాయిని తినేస్తూ వెనక్కి జరుగుతుంటే, ఇది తన మెట్లను తానే కట్టుకుంటూ పోతుంది. చివరికి నేరుగా సముద్రపు ఒడ్డున దిగుతుంది.

ఒక్క చుక్క చేసే పని

సున్నపురాయి గుహలోకి వెళ్లినప్పుడు అందరూ పెద్ద పెద్ద స్తంభాల ముందు ఆగుతారు. నేనైతే ముందు పైకప్పు మీద సన్నటి గొట్టాల కోసం వెతకమంటాను. మర్రి ఊడల్లా వేలాడే స్టాలక్టైట్లన్నీ చిన్నప్పుడు ఇలాంటి గొట్టాలే. వీటిని సోడా స్ట్రాలు అంటారు, మందం ఒక నీటి చుక్కంత, సుమారు 5 మిల్లీమీటర్లు.

టార్చ్‌ని నేరుగా కాకుండా పక్కనుంచి వాలుగా పట్టుకుని ఒక గొట్టం కొసను చూడండి. చుక్క నిండుగా వేలాడుతుంటుంది, వెంటనే రాలదు. రాతిలోంచి వచ్చిన ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, గుహ గాలిలో తక్కువ. చుక్క వేలాడుతున్న ఆ కాసేపట్లో గ్యాస్ మెల్లగా గాలిలోకి పోతుంది. గ్యాస్ పోయేకొద్దీ నీరు సున్నాన్ని కరిగించి ఉంచలేదు. గొట్టం అంచు చుట్టూ కంటికి ఆననంత పల్చటి ఉంగరంలా సున్నం అంటుకుంటుంది. తర్వాత చుక్క బరువెక్కి రాలుతుంది. ఇంకో చుక్క దిగుతుంది. ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరగడం చాలా గుహల్లో మామూలు వేగం. ఆ లెక్కన పది సెంటీమీటర్ల ముక్కకు వెయ్యేళ్లు. రాలిన చుక్క నేలను తాకి చిట్లినప్పుడు మిగిలిన సున్నం అక్కడ పేరుకుని కింది నుంచి పైకి లేస్తుంది, అది స్టాలగ్మైట్.

గుహల్లో ఏదీ ముట్టుకోవద్దని గైడ్లు పదేపదే చెప్పేది ఇందుకే. మన చర్మం మీద ఉండే నూనె రాతికి అంటుకుంటే నీరు దాని మీద సమంగా పరుచుకోదు. పెరుగుదల అక్కడే ఆగిపోతుంది, ఆ చోటు నల్లబడుతుంది. ఒక్కరి చేయి కదా అనిపిస్తుంది, కానీ ఆ వరుసలో వచ్చే ప్రతి ఒక్కరికీ అలాగే అనిపిస్తుంది.

వయసు మీదే అంతా

అగ్నిపర్వత దీవుల్లోనూ గుహలుంటాయి. కాకపోతే అవి నీటితో పుట్టినవి కావు, నిప్పుతో పుట్టినవి. పల్చటి లావా వాలు మీద పారేటప్పుడు పాల మీద మీగడ కట్టినట్టు పైపొర గట్టిపడుతుంది. లోపల లావా మాత్రం చల్లారకుండా పారుతూనే ఉంటుంది, గట్టిపడ్డ పొరే దానికి దుప్పటి. పైనుంచి వచ్చే లావా ఆగిపోగానే లోపలున్నది కిందికి జారిపోయి ఖాళీ సొరంగం మిగులుతుంది. హవాయి దీవుల్లో అన్నింటికంటే పెద్దదాని మీద ఉన్న కజుమురా గుహ ఇలాంటిదే. ఇప్పటిదాకా కొలిచిన లావా సొరంగాల్లో అదే అతి పొడవైనది, 65 కిలోమీటర్లకు పైమాటే. పై కొస నుంచి కింది కొసకు ఎత్తులో తేడా సుమారు 1,100 మీటర్లు. అయినా దాని వయసు కొన్ని వందల ఏళ్లే. సున్నపు గుహకు వేల, లక్షల ఏళ్లు పడితే లావా గుహ ఒక్క విస్ఫోటనం సాగినంత కాలంలోనే తయారైపోతుంది.

లావా సొరంగంలో నడుస్తుంటే గోడల మీద చూపు పెట్టండి. నీళ్లు తగ్గిన తొట్టిలో మిగిలిన చారల్లా అడ్డంగా గీతలుంటాయి. లావా ఒక్కో మట్టం దగ్గర కొంతకాలం నిలిచిందని అవి చెబుతున్నాయి. కొన్ని చోట్ల ఆ గీతలు అరుగుల్లా బయటికి పొడుచుకొస్తాయి. నేల మీద తాళ్లు పేనినట్టు ముడతలుంటాయి, వాటి వంపు ఎటు తిరిగిందో చూస్తే లావా ఏ దిక్కుకు పారిందో తెలిసిపోతుంది. పైకప్పు నుంచి వేలాడే నల్లటి కొనలు కూడా ఉంటాయి. అవి కరిగిన కప్పు కారుతూ గడ్డకట్టినవి, ఒకసారి విరిగితే మళ్లీ పెరగవు. సున్నపు కొన విరిగితే వేల ఏళ్లకైనా ఇంకోటి వస్తుందేమో గానీ, వీటికి ఆ ఆశ కూడా లేదు.

ఇలాంటి కుర్ర నేల మీద జలపాతాలు వెతకడం వృథా. కొత్త లావా నిండా పగుళ్లే, వాన పడీ పడగానే ఇంకిపోతుంది. హవాయి పెద్ద దీవిలో పశ్చిమాన ఉన్న కోనా తీరంలో ఏడాది పొడవునా పారే ఏరు దాదాపు లేదు. అదే దీవిలో ఈశాన్యాన, ఎప్పుడో శాంతించిన మౌనా కియా పర్వతం వాలు మీద, 135 మీటర్ల అకాకా జలపాతం ఉంది. ఒకే దీవిలో ఇంత తేడాకు ఆ రెండు వైపుల రాళ్ల వయసులు కూడా కారణం.

అక్కడి నుంచి వాయవ్యంగా, సుమారు 50 లక్షల ఏళ్ల వయసున్న కవాయ్ దీవికి వస్తే దృశ్యం మారిపోతుంది. లోతైన లోయలు, నిటారు గోడలు, వాటి మీద తెల్లటి దారాల్లా జలపాతాలు. పాత లావా సొరంగాలు చాలావరకు కూలిపోయాయి, పూడిపోయాయి. మధ్యలో ఉన్న మొలకాయ్ దీవిది మరో కథ. సుమారు 15 లక్షల ఏళ్ల కిందట అక్కడి అగ్నిపర్వతంలో ఉత్తర భాగం ఒక్కసారిగా విరిగి సముద్రంలోకి జారిపోయింది. మిగిలిన తెగిన గోడే ఇప్పుడు సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న సముద్రపు కొండచరియ. దాని మీంచి వాగులు నేరుగా గాల్లోకి దూకుతాయి. జలపాతం అంటే నది తీరిగ్గా చెక్కిన శిల్పమనుకుంటాం. చాలా దీవుల్లో మాత్రం నేల తెగిపడటమో, సముద్రం ఒడ్డును కోసేయడమో జరిగి, నదికి ఆ లోతు వరకు కోసుకునే సమయం దొరక్క దూకేస్తోంది.

వయసు ఇంకా పెరిగితే దీవే మునిగిపోతుంది. వేడి తగ్గిన సముద్రపు అడుగు నేల కుంగుతుంటే, అగ్నిపర్వతం చుట్టూ పెరిగిన పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి మధ్యలో కొండ మాయమై, ఉంగరంలాంటి పగడపు దీవి మిగులుతుంది. చార్లెస్ డార్విన్ 1842లో ఈ వివరణ ఇచ్చాడు. 110 ఏళ్ల తర్వాత, 1952లో, పసిఫిక్‌లోని ఎనెవెటాక్ పగడపు దీవి మీద డ్రిల్లింగ్ చేసినప్పుడు కిలోమీటరుకు పైగా సున్నపురాయి దాటాక నల్లటి అగ్నిపర్వతపు రాయి తగిలింది. అలాంటి పగడపు ఉంగరాన్ని భూమి కదలికలు తిరిగి పైకెత్తితే ఏమవుతుందో మనం ఇందాకే చూశాం: నియూ. నిప్పు గుహలతో మొదలై, జలపాతాల మీదుగా, నీటి గుహల దాకా సాగే ప్రయాణమది.

గాలి వైపు, వాన వైపు

కవాయ్ మధ్యలో ఉన్న వైయాలెయాలె శిఖరం మీద ఏడాదికి సగటున 10 మీటర్ల వాన పడుతుంది. మిల్లీమీటర్లు కాదు, మీటర్లు. అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, కొండకు అవతలి తీరంలో, అందులో సుమారు ఇరవయ్యో వంతే పడుతుంది. సముద్రం మీంచి తేమతో వచ్చే గాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి కురిసేస్తుంది, అవతలికి దిగేసరికి ఎండిపోయి ఉంటుంది. ఎత్తైన దీవి ఏదైనా ఇంతే, ఒక వైపు అడవి, ఇంకో వైపు ఎండు నేల.

కాబట్టి జలపాతం చూడాలనుకుంటే అది కొండకు ఏ వైపు ఉందో ముందు చూసుకోండి. గాలికి ఎదురుగా ఉన్న వైపైతే ఏడాదిలో ఎప్పుడు వెళ్లినా నీరుంటుంది. చాటున ఉన్న వైపైతే వానలు కురిసిన వారంలో మాత్రమే ఫొటోలో ఉన్నట్టు కనిపిస్తుంది. బస ఎండ వైపు తీసుకుని, జలపాతాలకు వాన వైపు వెళ్లిరావడం మంచి పద్ధతి. ఒక్క ప్రమాదం తప్ప.

ఆ ప్రమాదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. దీవుల్లో వాగులు పొట్టివి, నిటారువి. శిఖరం మీద కురిసిన వాన జలపాతం కింది మడుగుకు చేరడానికి గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు. మీరు ఈదుతున్న చోట ఎండ కాస్తూ ఉండొచ్చు, నెత్తిన ఒక్క చినుకు పడకపోవచ్చు, పైన మాత్రం మేఘం బద్దలై ఉంటుంది. ఉష్ణమండలపు దీవి మీద వాన ఎంత విపరీతంగా పడగలదో చెప్పడానికి ఒక లెక్క: హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవిలో 1966 జనవరిలో ఒక తుపాను వచ్చినప్పుడు ఫాక్-ఫాక్ అనే చోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే.

వరద వచ్చేముందు ఏరు కొన్ని గుర్తులు ఇస్తుంది. తేటగా ఉన్న నీరు టీ రంగుకు తిరుగుతుంది. ఆకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకొస్తాయి. జలపాతం హోరు మారుతుంది, లోపల రాళ్లు దొర్లుతున్న మోత కలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి గమనించినా బ్యాగు కోసం, చెప్పుల కోసం చూడకుండా పక్కకి, ఎత్తుకి ఎక్కేయాలి. ఏరు వెంబడి కిందికి పరుగెత్తితే వరద మనకంటే ముందు చేరుతుంది. అవతలి ఒడ్డున చిక్కుకుపోతే దాటే ప్రయత్నం చేయకుండా అక్కడే ఎత్తులో కూర్చోవడం మంచిది. వచ్చినంత వేగంగానే తగ్గిపోవడం ఈ పొట్టి వాగుల లక్షణం.

జలపాతం కింద సరిగ్గా నీళ్లు పడే చోట నిలబడాలని ఎవరికైనా అనిపిస్తుంది. నీటితో పాటు రాళ్లు కూడా అదే దారిన వస్తాయి, అందుకే నేను అక్కడికి వెళ్లొద్దనే అంటాను. హవాయిలోని ఒవాహు దీవిలో సేక్రెడ్ ఫాల్స్ దగ్గర 1999 మే నెలలో లోయ గోడ నుంచి రాళ్లు విరిగిపడి 8 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఆ పార్కును మూసేశారు. వాతావరణం బాగున్న రోజునే అలా జరిగింది. ఉష్ణమండలపు వాగుల్లో లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జ్వరం ముప్పు కూడా ఉంటుంది. ఒంటి మీద తెగిన గాయం ఉంటే మడుగులో దిగకుండా ఒడ్డునే ఆగిపోవాలి.

సముద్రం ఎక్కడుందో, ఎక్కడుండేదో

రాయి, వయసు, గాలి తర్వాత నాలుగోది ఒకటుంది, సముద్ర మట్టం. దాన్ని మొదట్లో చెప్పకపోవడానికి కారణం, అది వీటన్నిటినీ కలగలిపేస్తుంది.

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, భూమ్మీద చాలా నీరు మంచుగా నేల మీదే ఉండిపోవడంతో సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి ఉండేది. ఇవాళ్టి సున్నపు దీవులు అప్పుడు ఎత్తైన పీఠభూములు. వాటి లోపల పొడిగా ఉన్న గుహల్లో స్టాలక్టైట్లు తీరిగ్గా పెరిగాయి. మంచు కరిగి సముద్రం పైకి వచ్చేసరికి ఆ గుహలు మునిగాయి, కొన్నిటి పైకప్పు కూలి నీటి అడుగున గుండ్రటి బావులు మిగిలాయి. పైనుంచి చూస్తే చుట్టూ లేతరంగు నీళ్ల మధ్య ముదురు నీలి మచ్చలా కనిపిస్తాయి కాబట్టి వాటిని బ్లూ హోల్స్ అంటారు. బహామాస్‌లోని డీన్స్ బ్లూ హోల్ లోతు 202 మీటర్లు. బెలీజ్ తీరంలోని గ్రేట్ బ్లూ హోల్‌లోకి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో బృందం 1971లో దిగినప్పుడు నీటి లోపల భారీ స్టాలక్టైట్లు కనిపించాయి. స్టాలక్టైట్ గాలిలోనే పుడుతుంది కాబట్టి అక్కడ ఒకప్పుడు సముద్రం లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఇదే సాక్ష్యం ఇంకా సున్నితంగా దొరుకుతుంది. అక్కడి తీరపు గుహల్లో, డ్రాక్ గుహల్లోని మార్టెల్ సరస్సులాంటి చోట్ల, లోపలి నీటిమట్టం సముద్రంతో పాటే ఉంటుంది. ఆ నీటి గీత దగ్గర వేలాడే స్టాలక్టైట్ల చుట్టూ సున్నం ఉబ్బెత్తుగా పేరుకుంటుంది. సముద్ర మట్టం మారితే ఉబ్బు ఇంకో ఎత్తులో మొదలవుతుంది. అలా ఒక్కో రాతి ఊడ మీద పాత సముద్రాల గుర్తులు మిగిలిపోయాయి. శాస్త్రవేత్తలు ఆ ఉబ్బుల వయసు కట్టి, ఏ కాలంలో సముద్రం ఎక్కడుందో లెక్క తీస్తారు.

తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రానికి 1 మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. ఈ రెండు నీళ్లూ కలిసే పొర దగ్గర వింత జరుగుతుంది. విడివిడిగా ఇక సున్నాన్ని కరిగించలేని స్థితిలో ఉన్న రెండు రకాల నీళ్లు, కలవగానే మళ్లీ కరిగించడం మొదలుపెడతాయి. సున్నపు దీవుల అంచుల్లో గుహలు గుంపులుగా ఉండటానికి ఇదో ముఖ్య కారణం. ఇలాంటి గుహలో ఈదేవాళ్లకు ఆ పొర కంటికి కనిపిస్తుంది, నీటిలో నీరు మసకగా, వేడి రోడ్డు మీద గాలి అలలాడినట్టు కదులుతుంది.

ఐస్‌లాండ్‌లో కథ తిరగబడింది. అక్కడ మంచు కరిగాక, ఆ బరువు తొలగి నేలే పైకి లేచింది. ఒకప్పుడు అలలు కొట్టిన కొండచరియలు తీరానికి దూరంగా మిగిలిపోయాయి. స్కోగాఫాస్, సెల్యాలాండ్స్‌ఫాస్ అనే సుమారు 60 మీటర్ల జలపాతాలు దూకేది ఆ పాత సముద్రపు గోడ మీంచే. సెల్యాలాండ్స్‌ఫాస్ వెనక్కి నడిచి వెళ్లొచ్చు. గట్టి లావా పొర కింద మెత్తటి పొర ఉంది, తుంపర, మంచు కలిసి మెత్తటిదాన్ని తినేస్తే పైనున్న గట్టి రాయి చూరులా ముందుకు మిగిలింది. జలపాతమూ గుహా కలిసి ఉండే కొద్ది చోట్లలో ఇదొకటి.

అలలు తొలిచిన గుహలను గుర్తుపట్టడం తేలిక: నోరు వెడల్పు, లోపలికి వెళ్లేకొద్దీ ఇరుకు. అల వచ్చి కొట్టినప్పుడు పగులులోని గాలి నొక్కుకుపోయి, అల వెనక్కి తీయగానే ఒక్కసారి విచ్చుకుంటుంది. ఆ దెబ్బకే రాయి వదులవుతుంది. ఇటలీలోని కాప్రి దీవి నీలి గుహ మాత్రం చాలా ప్రత్యేకం. పడవ లోపలికి పోయే నోరు నీటి మీద సుమారు మీటరు ఎత్తే, అందులోంచి వచ్చే వెలుతురు కొంచెమే. దాని కింద, నీటి లోపల, ఇంకా పెద్ద ద్వారం ఉంది. వెలుతురంతా అక్కడినుంచి నీటిని దాటుకుని లోపలికి వస్తుంది. నీరు ఎరుపును మింగేసి నీలాన్ని వదులుతుంది కాబట్టి గుహ కింది నుంచి దీపం పెట్టినట్టు వెలుగుతుంది. చేయి ముంచితే బుడగలు అంటుకుని వెండిలా మెరుస్తుంది. సముద్రం కొంచెం పొంగినా ఆ నోరు మూసుకుపోతుంది, ఆ రోజు పడవలు లోపలికి తీసుకెళ్లరు. అలాంటప్పుడు పడవవాళ్ల మీద ఒత్తిడి తేకండి, లోపలికి వెళ్లాక అల పెరిగితే బయటికి దారి ఉండదు.

కళ్లను మోసం చేసేవి

మారిషస్‌లో లె మోర్న్ తీరం దగ్గర సముద్రం అడుగున జలపాతం ఉందనే ఫొటోలు అందరికీ తెలిసినవే. అక్కడ నీరు ఎక్కడికీ పడటం లేదు. లోతు తక్కువ ఉన్న గట్టు అంచు దాటి ఇసుక, సన్నటి ఒండ్రు లోతుల్లోకి జారుతున్నాయి, నీటి రంగు తేడాతో అది పై నుంచి జలపాతంలా కనిపిస్తుంది. బాగా ఎత్తు నుంచి చూస్తే తప్ప ఆ రూపం కనబడదు, పడవలో వెళ్తే మామూలు సముద్రమే. నిజంగా సముద్రం లోపల జలపాతం ఉన్నది గ్రీన్‌లాండ్‌కీ ఐస్‌లాండ్‌కీ మధ్య జలసంధిలో. అక్కడ చల్లటి బరువైన నీరు తేలికైన నీటి కిందకి దూరి 3,000 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. దాన్ని మాత్రం ఏ టూరూ చూపించలేదు.

అండమాన్‌లోని బారాటాంగ్ దీవిలో సున్నపు గుహలతో పాటు మట్టి అగ్నిపర్వతం ఉందని వెళ్లేవాళ్లు కొందరు లావా ఊహించుకుని నిరాశపడతారు. అందులో నిప్పు లేదు. లోతుల్లో నొక్కుకుపోయిన గ్యాస్ చల్లటి బురదను పైకి నెడుతుంది, మధ్యలో చిన్న బుడగ ఉబ్బి, చిట్లి, బురద అంచు మీంచి మెల్లగా జారుతుంది. పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుంటే తప్ప అదేం చేస్తోందో కనబడదు. కూర్చున్నవాళ్లకు మాత్రం భూమి ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది.

జెజు దగ్గర లెక్క తప్పింది

ఇంతసేపూ చెప్పిన నియమాలన్నిటినీ పరీక్షించుకోవడానికి దక్షిణ కొరియాలోని జెజు కంటే మంచి దీవి నాకు తెలియదు. అగ్నిపర్వత దీవి, మధ్యలో 1,947 మీటర్ల హల్లాసాన్. వాన బాగా పడుతుంది, అయినా చాలా వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటాయి, ఎందుకంటే లావా పగుళ్లు నీటిని తాగేస్తాయి. ఆ నీరు తీరం దగ్గర ఊటలుగా బయటపడుతుంది. ఎయోంగ్తో అనే జలపాతమైతే పెద్ద వాన పడ్డాకే కనిపిస్తుంది, మిగతా రోజుల్లో ఖాళీ కొండచరియ. దక్షిణాన సొగ్విపో దగ్గర మాత్రం లావా కింద నీటిని దిగనివ్వని పాత సముద్రపు మట్టి పొర ఉంది. అందుకే ఏడాదంతా పారే జలపాతాలు అక్కడే చేరాయి. వాటిలో జొంగ్‌బాంగ్ జలపాతం 23 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు సముద్రంలోకే దూకుతుంది.

ఈశాన్యాన లావా సొరంగాల వరుస ఉంది, 2007లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. లావా గుహలో సున్నపు స్టాలక్టైట్లు ఉండకూడదు. రాయిలో సున్నమే లేనప్పుడు అవి ఎలా వస్తాయి? 2005లో అక్కడ కరెంటు స్తంభం వేయడానికి గుంత తవ్వుతుంటే కింద ఖాళీ తగిలింది. దిగి చూస్తే నల్లటి లావా కప్పు నుంచి తెల్లటి సున్నపు గొట్టాలు వేలాడుతున్నాయి, గోడల మీద తెల్లటి తెరలు, నేల మీద తెల్లటి దిమ్మెలు. సముద్రపు గాలి ఒడ్డునున్న గవ్వల పొడిని వేల ఏళ్లుగా మోసుకొచ్చి ఆ లావా నేల మీద ఇసుక దిబ్బలుగా పోసింది. వాన ఆ గవ్వల్లోని సున్నాన్ని కరిగించి, లావా పగుళ్లలోంచి దింపి, చుక్క చుక్కగా కింద వేలాడదీసింది. యోంగ్‌చొన్ అని పేరు పెట్టిన ఆ గుహ చివర ఒక సరస్సు కూడా ఉంది. ఆ గొట్టాలు పాడవకుండా గుహను జనానికి తెరవలేదు. దాని పైన నేల మీద నడుస్తున్నవాళ్ల కాళ్లకు గవ్వల ఇసుక తగులుతూ ఉంటుంది, కింద చుక్కలు పడుతూనే ఉంటాయి.